గ్రాఫిక్స్ డ్రైవర్ ఆగిపోయినప్పుడు: సందేశంలో పేరు ఒకరిది, లోపం మరొకరిది

డిస్‌ప్లే డ్రైవర్ (విండోస్‌కూ గ్రాఫిక్స్ చిప్‌కూ మధ్య మాటలు నడిపే ప్రోగ్రాము) స్పందించడం మానేసిందని, మళ్ళీ కోలుకుందని చెప్పే సందేశం విండోస్ వాడేవారికి కొత్తది కాదు. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వెలుగుతుంది. ఆడుతున్న గేమ్ మూతపడుతుంది, లేదా వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. సందేశంలో డ్రైవర్ పేరు ఉంది కాబట్టి ముందు దాన్నే తీసేసి కొత్తది వేస్తారు. కుదరకపోతే పాతది వేస్తారు. అదీ కుదరకపోతే విండోస్ మొత్తాన్ని మళ్ళీ ఎక్కిస్తారు. కొన్నిసార్లు దీంతో సమస్య తీరుతుంది. తీరనప్పుడు మాత్రం వారాల తరబడి అదే పని చేస్తూ ఉండాల్సి వస్తుంది, ఎందుకంటే ఆ సందేశానికి తెలిసింది లోపం ఎక్కడ బయటపడిందన్నంత వరకే. ఎక్కడ పుట్టిందో చెప్పే శక్తి దానికి లేదు.

ఇది అర్థం కావాలంటే ఆ సందేశం ఎలా పుడుతుందో చూడాలి. విండోస్ విస్టా నుంచి గ్రాఫిక్స్ డ్రైవర్ల నిర్మాణం మారింది. అంతకుముందు దాదాపు మొత్తంగా కెర్నెల్‌లో, అంటే విండోస్ కీలక కేంద్ర భాగంలో నడిచిన డ్రైవర్‌ను రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్కను మామూలు ప్రోగ్రాములు నడిచే చోటికి తెచ్చారు. దాంతోపాటే టీడీఆర్ (టైమౌట్ డిటెక్షన్ అండ్ రికవరీ) అనే కాపలా ఏర్పాటు వచ్చింది. గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించిన పని నిర్ణీత సమయంలో పూర్తికాక, దాన్ని మధ్యలో ఆపమన్నా చిప్ ఆపకపోతే, అది బిగుసుకుపోయిందని విండోస్ భావించి దాన్ని రీసెట్ చేస్తుంది. ఆ గడువు మామూలుగా 2 సెకన్లు. రీసెట్ ఫలిస్తే తెర నల్లబడి తిరిగి వస్తుంది, సిస్టమ్ లాగ్‌లో 4101 నంబరుతో ఒక నమోదు పడుతుంది. రీసెట్ ఫలించకపోయినా, 60 సెకన్లలో 5 సార్ల పరిమితి దాటినా, విండోస్ ఆశ వదులుకుని వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అనే బ్లూ స్క్రీన్ చూపిస్తుంది. అందులో ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్ సంస్థలలో ఎవరి కార్డు ఉంటే వారి డ్రైవర్ ఫైలు పేరు కనిపిస్తుంది. చిప్‌కు కరెంటు చాలకపోయినా, ర్యామ్‌లో ఒక బిట్ తప్పినా, ప్రాసెసర్ తప్పుడు లెక్క అందించినా, గేమ్‌లోనే అంతులేకుండా తిరిగే షేడర్ (చిప్ మీద నడిచి బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాము) ఉన్నా చివరికి జరిగేది ఒకటే: చిప్ గడువులోగా జవాబివ్వదు, డ్రైవర్ పేరు లాగ్‌కెక్కుతుంది. వైరింగులో షార్ట్ ఉండగా ఎగిరిపోయిన ఫ్యూజునే మార్చుకుంటూ కూర్చోవడం లాంటిదే డ్రైవర్‌ను పదేపదే వేయడం.

అలాగని డ్రైవర్లు పాపం తెలియనివి అనుకోనక్కరలేదు. విస్టా వచ్చిన 2007లో మైక్రోసాఫ్ట్ నమోదు చేసిన క్రాష్‌లలో 28.8 శాతానికి ఎన్‌విడియా డ్రైవర్లను కారణంగా చూపిన లెక్క, ఆ తర్వాతి ఏడాది కంప్యూటర్ల మీద వేసిన 'విస్టా కేపబుల్' ముద్ర గురించి అమెరికా కోర్టులో నడిచిన కేసు పత్రాల్లో బయటపడింది. 2010 మార్చిలో ఎన్‌విడియా విడుదల చేసిన 196.75 డ్రైవర్ కొన్ని కార్డుల ఫ్యాన్ వేగాన్ని సరిగా నియంత్రించలేక వేడెక్కిస్తోందని తేలడంతో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2025 ఆరంభంలో ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి కార్డులతోపాటు వచ్చిన డ్రైవర్లలో తెర నల్లగా మారిపోయే లోపాలకు వరుసగా హాట్‌ఫిక్స్‌లు (అత్యవసర సవరణలు) ఇవ్వవలసి వచ్చింది. నిజమైన డ్రైవర్ దోషం ఉంటుంది. దాని గుర్తు ఏమిటంటే, అది ఒక ఫలానా వెర్షన్‌తో మొదలై, అదే కార్డు వాడే మరెందరికో అదే రకంగా ఎదురవుతుంది, పాత వెర్షన్‌కు వెళితే పోతుంది. ఈ మూడింటిలో ఏది లోపించినా అనుమానాన్ని మరోవైపు కూడా తిప్పాలి.

సందేశం ఎంత దారి తప్పించగలదో చెప్పడానికి ఇటీవలి కాలంలో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల వ్యవహారాన్ని మించిన ఉదాహరణ లేదు. అన్‌రియల్ ఇంజిన్‌తో తయారైన గేమ్‌లు తెరవగానే "వీడియో మెమరీ చాలడం లేదు" అనే అర్థంలో ఒక ఎర్రర్ వచ్చి మూతపడేవి. 24 జీబీ మెమరీ ఉన్న కార్డుల్లోనూ ఇదే ఎర్రర్. సహజంగానే అందరూ గ్రాఫిక్స్ కార్డును, డ్రైవర్‌ను అనుమానించారు, మార్చారు కూడా. ఈ ఎర్రర్ వచ్చేవారు ఇంటెల్ సహాయ విభాగాన్ని సంప్రదించాలని 2024 ఏప్రిల్‌లో ఎన్‌విడియానే సూచించింది. గేమ్ మొదలయ్యేటప్పుడు షేడర్లను కంపైల్ చేయడం, ప్యాక్ చేసిన డేటాను విప్పడం ప్రాసెసర్ మీద పడే బరువైన పనులు. ఆ పనిలో ప్రాసెసర్ తప్పు చేస్తే, ఆ తప్పుడు ఫలితం గ్రాఫిక్స్ దాకా చేరి అక్కడ మెమరీ ఎర్రర్ రూపంలో కనిపించేది. ప్రాసెసర్‌కు మోతాదుకు మించిన వోల్టేజి అందుతోందని ఇంటెల్ ఆ ఏడాది జులైలో ఒప్పుకుంది, ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) సవరణ ఇచ్చింది, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్లకు ఆ సవరణ మందు కాదు, వాటిని మార్చుకోవలసిందే. ఆ సవరణ అందేది బయోస్ (యంత్రం ఆన్ కాగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాము) అప్‌డేట్ ద్వారా. దాన్ని ఆ తర్వాత అప్‌డేట్ చేయని యంత్రాలు ఇంకా చాలా ఇళ్ళలో ఉంటాయి కాబట్టి, ఈ తరం ప్రాసెసర్ ఉన్నచోట డ్రైవర్ జోలికి వెళ్ళేముందు మదర్‌బోర్డు బయోస్ తేదీ చూడడం మంచిది.

పరిశీలన ఎక్కడ మొదలుపెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. అన్నిటికంటే ముందు చేయదగినది యంత్రాన్ని రీస్టార్ట్ చేయడం. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు. ఈ రెండింటికీ తేడా ఉంది. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల, షట్‌డౌన్ నొక్కినప్పుడు కెర్నెల్, దానిలో ఉన్న డ్రైవర్ల స్థితి హార్డ్ డిస్కులో దాచి, ఆన్ చేసినప్పుడు దాన్నే తిరిగి చదువుతారు. అంటే రాత్రి కట్టేసి పొద్దున తెరిచినా డ్రైవర్ కొత్తగా మొదలైనట్టు కాదు. రీస్టార్ట్‌లో మాత్రం అంతా మొదటినుంచీ లోడవుతుంది. "పది రోజులుగా రోజూ ఆపి ఆన్ చేస్తూనే ఉన్నాం, పోలేదు" అనేవారిలో కొందరి సమస్య ఒక్క రీస్టార్ట్‌తో పోవడానికి కారణం ఇదే. తెర నల్లబడి యంత్రం మాత్రం నడుస్తున్నట్టు అనిపిస్తే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ మీటలను కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే మళ్ళీ మొదలవుతుంది. చిన్న బీప్ వినిపించి తెర వెనక్కి వస్తే కెర్నెల్ బతికే ఉందని తెలుస్తుంది.

తర్వాత లోపం ఏ దశలో కనిపిస్తోందో చూడాలి. కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే మదర్‌బోర్డు గుర్తు మీదా, బయోస్ మెనూలోనూ గీతలో, రంగుల చుక్కలో కనిపిస్తే విండోస్ డ్రైవర్‌కు దానితో సంబంధం లేదు. అప్పటికి ఆ డ్రైవర్ లోడే కాలేదు. కార్డో, కేబులో, మానిటరో దోషి. విండోస్ లోపలికి వచ్చాకే గీతలు వస్తుంటే ఇంకొక సులువైన పరీక్ష ఉంది. గీతలు తెర మీద ఉన్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మను ఫోనులో గానీ మరో కంప్యూటర్లో గానీ తెరిచి చూడాలి. స్క్రీన్‌షాట్‌లోనూ గీతలుంటే, బొమ్మ కార్డు మెమరీలో ఉండగానే పాడైంది. కార్డు మెమరీ, డ్రైవర్, అప్లికేషన్ అనుమానితులు. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే బొమ్మ బాగానే తయారై బయటికి వెళ్ళే దారిలో చెడింది. కేబుల్, మానిటర్, కార్డు వెనకవైపు పోర్టు చూడాలి. ఖర్చు లేని ఈ ఒక్క పరీక్ష సగం వెతుకులాటను తగ్గిస్తుంది. దీన్ని చేయకుండానే కార్డును సర్వీసుకు తీసుకెళ్ళడం తరచుగా జరుగుతుంది, కేబుల్ మారిస్తే సరిపోయేదానికి.

కేబుల్ మాట వచ్చింది కాబట్టి మరొకటి. కొత్తగా కార్డు వేయించుకున్న ఇళ్ళలో మానిటర్ కేబుల్ పాత అలవాటు ప్రకారం మదర్‌బోర్డు పోర్టులోనే ఉండిపోతుంది. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంటే తెర మామూలుగానే వస్తుంది, గేమ్‌లు మాత్రం నత్తనడక నడుస్తాయి, నింద డ్రైవర్ మీద పడుతుంది. నిలువుగా ఉన్న పోర్టుల వరుసలోంచి తీసి, కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్టులో పెడితే చాలు.

విండోస్ లోపల చూడవలసిన చోట్లు మూడు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ల కింద కార్డు అసలు పేరు కాకుండా మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే తయారీ సంస్థ డ్రైవర్ లోడు కాలేదని అర్థం. పసుపు గుర్తు ఉంటే దాని మీద రెండుసార్లు నొక్కి కోడ్ నంబరు చదవాలి. 28 అయితే డ్రైవర్ లేదు, వేస్తే సరిపోతుంది. 31 అయితే డ్రైవర్ ఉంది, విండోస్ దాన్ని లోడు చేయలేకపోయింది. 43 అయితే పరికరమే తనలో సమస్య ఉందని తెలియజేసింది కాబట్టి విండోస్ దాన్ని ఆపేసింది. ఈ నంబరు ఒకటికి రెండుసార్లు వస్తే హార్డ్‌వేర్ వైపు గట్టిగా చూడాలి. పేరు కూడా తెలియని పరికరంగా కనిపిస్తే, వివరాల ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీ ఉంటుంది. అందులో తయారీదారు సంఖ్య 1002 అయితే ఏఎండీ, 8086 అయితే ఇంటెల్. ఎన్‌విడియా డ్రైవర్ వెర్షన్‌ను ఇక్కడ చూసి తికమకపడేవారికి ఒక చిట్కా: 32.0.15.6094 అని ఉంటే చివరి ఐదంకెలు తీసుకుని మూడింటి తర్వాత చుక్క పెడితే 560.94 వస్తుంది, వెబ్‌సైటులో కనిపించే వెర్షన్ అదే.

రెండోది రిలయబిలిటీ మానిటర్. తేదీలవారీగా ఏ రోజు ఏది ఇన్‌స్టాల్ అయింది, ఏ రోజు ఏది కూలిపోయింది అన్నది ఒకే పట్టికలో కనిపిస్తుంది. క్రాష్‌లు మొదలైన రోజుకు ముందురోజు విండోస్ అప్‌డేట్ ద్వారా డిస్‌ప్లే డ్రైవర్ వచ్చి ఉంటే కేసు దాదాపు తేలినట్టే. విండోస్ తనంతట తానే డ్రైవర్లు తెచ్చుకుంటుంది, కొన్నిసార్లు ఇంట్లో వారు వేసుకున్న కొత్తదాన్ని తీసి లాప్‌టాప్ సంస్థ ఆమోదించిన పాతదాన్ని వేస్తుంది. శుభ్రంగా వేసిన డ్రైవర్ రెండు రోజుల్లో మళ్ళీ మొదటికి రావడానికి ఇది ప్రధాన కారణం. డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగులలో దీన్ని ఆపవచ్చు.

మూడోది ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్. ఇక్కడ డ్రైవర్ పేరున్న 4101 నమోదు ఒక్కదానినే చూసి ఆగిపోకూడదు. దానికి ముందు నిమిషంలో ఏముందో చూడాలి. వీయా లాగర్ (WHEA-Logger) అనే మూలం నుంచి హెచ్చరికలు ఉంటే అది హార్డ్‌వేర్ నుంచే నేరుగా వచ్చిన ఫిర్యాదు: ప్రాసెసర్ గానీ, కార్డు కూర్చున్న పీసీఐ స్లాటు గానీ తప్పులు నమోదు చేస్తున్నాయని అర్థం. బ్లూ స్క్రీన్ ఏదీ లేకుండా యంత్రం ఉన్నపళంగా ఆరిపోయి, కెర్నెల్ పవర్ 41 అనే నమోదు, అందులో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ నంబరు) సున్నాగా ఉంటే, విండోస్‌కు చివరి మాట రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ (యంత్రానికి కరెంటు అందించే పెట్టె) మీదికో, వేడి మీదికో దృష్టి పోవాలి.

డ్రైవరే కారణమని తేలితే చేయవలసింది వరుసగా ఉంది. డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ బటన్ వెలుగుతూ ఉంటే అదే తొలి ప్రయత్నం. పాత డ్రైవర్ ఫైళ్ళు మిగిలి లేకపోతే ఆ బటన్ మసకబారి ఉంటుంది. ఒక సంస్థ కార్డు తీసి మరో సంస్థ కార్డు వేసినప్పుడు, లేదా మామూలు అన్‌ఇన్‌స్టాల్‌తో అవశేషాలు పోనప్పుడు డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్, అంటే అందరూ డీడీయూ అనే ఉచిత సాధనం పనికొస్తుంది. కొత్త డ్రైవర్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని, ఇంటర్నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో దీన్ని నడిపి, రీస్టార్ట్ అయ్యాక కొత్తది వేయాలి. ఇంటర్నెట్ తీయకపోతే మధ్యలోనే విండోస్ తనకు నచ్చిన డ్రైవర్ తెచ్చేస్తుంది. ప్రతి అప్‌డేట్‌కూ డీడీయూ నడపాలన్న సలహా తరచూ వినిపిస్తుంది గానీ దాని అవసరం లేదు. బాగా నడుస్తున్న యంత్రంలో అది అనవసర శ్రమ. ఇక డ్రైవర్లను వెతికి పెడతామనే మూడో పక్షం అప్‌డేటర్ ప్రోగ్రాములను ఈ పనికి అసలు వాడకూడదు. చిప్ తయారీదారు వెబ్‌సైటు, లాప్‌టాప్ అయితే లాప్‌టాప్ సంస్థ సపోర్టు పేజీ, ఈ రెండే నమ్మదగిన చోట్లు. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న లాప్‌టాప్‌లలో చాలావాటికి తెర నేరుగా ప్రాసెసర్‌లోని చిప్‌కే అనుసంధానమై ఉంటుంది, పెద్ద చిప్ గీసిన బొమ్మ దాని మీదుగానే బయటికి వస్తుంది. అందువల్ల వాటిలో ఒక డ్రైవర్‌ను మాత్రమే మార్చి రెండోదాన్ని ఏళ్ళ తరబడి వదిలేయడం కూడా లోపాలకు దారి.

పాత కార్డులది వేరే బాధ. ఎన్‌విడియా ఫెర్మీ తరానికి 2018లోనూ, కెప్లర్ తరానికి 2021లోనూ కొత్త గేమ్ డ్రైవర్లు ఆపేసింది; మాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు 2025 అక్టోబరుతో ఆగిపోతాయని, ఆ తర్వాత 2028 అక్టోబరు వరకు మూడు నెలలకోసారి భద్రతా సవరణలే వస్తాయని ప్రకటించింది. జీటీ 730 పేరుతో ఫెర్మీ చిప్‌లూ, కెప్లర్ చిప్‌లూ రెండూ అమ్ముడయ్యాయి కాబట్టి పెట్టె మీది పేరు చూసి డ్రైవర్ ఎంచుకుంటే తప్పే అవకాశం ఉంది. జీపీయూ-జెడ్ లాంటి సాధనంతో లోపలి చిప్ పేరు చూసుకోవాలి. మద్దతు ఆగిన కార్డుకు కొత్త డ్రైవర్ ఎక్కకపోవడం లోపం కాదు, ఆ తరానికి చివరిగా వచ్చిన వెర్షన్ వేసుకోవడమే మార్గం.

సెకండ్‌హ్యాండ్ కార్డుల దగ్గర ఈ వ్యవహారం మరింత చిక్కుపడుతుంది. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి ఆ క్రిప్టో కరెన్సీని సంపాదించడం) ఆగిపోయాక ప్రపంచమంతటా మైనింగ్ కార్డులు చౌకగా మార్కెట్లోకి వచ్చాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, ఆన్‌లైన్‌లో గానీ పాత కార్డు కొనేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. ఏఎండీ ఆర్‌ఎక్స్ 470, 570, 580 వంటి కార్డులలో ఉండే సొంత బయోస్‌ను మైనింగ్ కోసం మార్చి ఉంటే ఏఎండీ డ్రైవర్ ఆ మార్పును గుర్తించి లోడు కావడానికి నిరాకరిస్తుంది, డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 పడుతుంది. డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా ఫలితం అదే. కొన్ని కార్డులకు పక్కన చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని రెండోవైపు జరిపితే మార్చని బయోస్‌తో పనిచేసే అవకాశం ఉంది. లేకపోతే అసలు బయోస్‌ను తిరిగి రాయించాలి. నకిలీల సంగతి ఇంకా మోసం: పాత తరం చిప్ ఉన్న కార్డు బయోస్‌లో పేరు మార్చి కొత్త మోడల్‌గా అమ్ముతారు, అది తనను తాను ప్రకటించుకున్న పేరును బట్టి డ్రైవర్ వేస్తే తెర నల్లబడుతుంది. ఇలాంటి ఎన్‌విడియా నకిలీలను గుర్తించి పేరు ముందు నకిలీ అని చూపే సదుపాయం 2018 నుంచి జీపీయూ-జెడ్‌లో ఉంది. డబ్బు చేతులు మారకముందే దాన్ని నడిపించి చూడమని అడగడంలో మొహమాటపడనక్కరలేదు.

కరెంటు, వేడి, ర్యామ్ అనే మూడు కారణాలు డ్రైవర్ ముసుగులో బయటపడేవే. పీసీఐ స్లాటు నుంచి కార్డుకు అందేది 75 వాట్లు. ఆరు పిన్నుల కనెక్టర్ మరో 75, ఎనిమిది పిన్నులది 150 ఇస్తాయి. పెట్టె మీద 600 వాట్లని రాసి ఉన్న చౌకరకం ఎస్‌ఎంపీఎస్ గేమ్‌లో ఒక్కసారిగా లోడు పెరిగిన క్షణంలో వోల్టేజి నిలపలేకపోతే కార్డు తడబడుతుంది, లాగ్‌లో డ్రైవర్ పేరు పడుతుంది. డెస్క్‌టాప్ మీద గంటలకొద్దీ బాగుండి, గేమ్ మొదలైన కొద్ది నిమిషాలకే పోతుంటే ఈ కోణం చూడాలి. కార్డుకు రెండు కనెక్టర్లుంటే ఒకే కేబుల్ రెండు కొసలు కాకుండా రెండు వేర్వేరు కేబుళ్ళు పెట్టడం మేలు. మే నెలలో గది వేడే 40 డిగ్రీలకు చేరే మన ఊళ్ళలో, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో కార్డు శీతాకాలంలో లేని లోపాన్ని ఎండాకాలంలో చూపించడం వింత కాదు. ర్యామ్ విషయానికొస్తే, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయడమంటే ర్యామ్‌ను ప్రామాణిక వేగానికి మించి నడపడమే. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ అదే ర్యామ్‌ను తన మెమరీగా వాడుకుంటుంది. ఎక్స్‌ఎంపీ ఆపగానే డ్రైవర్ క్రాష్‌లు ఆగిపోతే దొంగ దొరికినట్టే. కార్డులోనూ ఇలాంటి పరీక్షే చేయవచ్చు: ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ హెల్ప్ మెనూలో ఉండే డీబగ్ మోడ్, కార్డు కంపెనీ పెంచిన వేగాన్ని ఎన్‌విడియా మూల వేగానికి దించుతుంది. దానితో స్థిరపడిన కార్డు లోపమున్న కార్డు. వారంటీ ఉంటే మార్పించుకోవాలి గానీ జీవితాంతం ఆ మోడ్‌లో నడపడం పరిష్కారం కాదు.

విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే (టీడీఆర్ గడువు) విలువను 2 నుంచి 8కో, 10కో పెంచమనే సలహా బాగా ప్రచారంలో ఉంది. త్రీడీ రెండరింగ్ వంటి పనుల్లో ఒక్కో లెక్క నిజంగానే రెండు సెకన్లు మించవచ్చు, అక్కడ ఇది న్యాయమైన మార్పు. గేమ్‌లో మాత్రం చిప్ రెండు సెకన్లు జవాబివ్వలేదంటే సాధారణంగా ఇక ఇవ్వదు. గడువు పెంచడం వల్ల తెర బిగుసుకుపోయే సమయం పెరుగుతుందే తప్ప క్రాష్ పోదు. టీడీఆర్‌ను పూర్తిగా ఆపేయడం ఇంకా చెడ్డ సలహా, అప్పుడు కోలుకునే అవకాశమే ఉండదు.

లినక్స్ వాడేవారికి ఆధారాలు మరింత సూటిగా దొరుకుతాయి. కెర్నెల్ అప్‌డేట్ అయిన మర్నాడే ఎన్‌విడియా తెర రాకపోతే, కొత్త కెర్నెల్‌కు డ్రైవర్ మాడ్యూల్ తయారు కాలేదనో, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటు దాన్ని డిజిటల్ సంతకం లేదని అడ్డుకుందనో ముందుగా అనుకోవాలి. పాత కెర్నెల్‌తో బూట్ చేసి చూస్తే తేలిపోతుంది. కెర్నెల్ లాగ్‌లో ఎన్‌విడియా డ్రైవర్ ఎక్స్‌ఐడీ అనే నంబర్లు రాస్తుంది. వాటిలో 79 అంటే కార్డు బస్ (దాన్ని మదర్‌బోర్డుతో కలిపే దారి) మీద నుంచే మాయమైందని, దానితో సంభాషణే తెగిపోయిందని అర్థం. కరెంటు, వేడి, స్లాటు వైపు వెళ్ళమని చెప్పే నంబరు అది. 13, 31 అయితే చాలాసార్లు నడుస్తున్న ప్రోగ్రాములోనే తప్పు ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా తేలకపోతే మిగిలేది మార్పిడి పరీక్ష: ఆ కార్డును ఎస్‌ఎంపీఎస్ సరిపోయే మరో యంత్రంలో పెట్టి అదే గేమ్ అంతే సేపు నడపడం. లోపం కార్డు వెంట వెళ్ళిందా, పాత యంత్రంలోనే ఉండిపోయిందా అన్నది దాంతో తెలుస్తుంది. సర్వీసు కేంద్రంలో కాసేపు నడిపి బాగానే ఉందని తిప్పి పంపడం మామూలే, ఎందుకంటే గంట తర్వాత వచ్చే లోపం పది నిమిషాల్లో కనిపించదు. అందువల్ల కార్డుతోపాటు, ఈవెంట్ వ్యూయర్ లాగ్‌ను ఫైలుగా సేవ్ చేసి, విండోస్ ఫోల్డరులోని లైవ్ కెర్నెల్ రిపోర్ట్స్‌లో వాచ్‌డాగ్ పేరుతో ఉన్న డంప్ ఫైళ్ళతో (క్రాష్ అయినప్పటి స్థితిని దాచినవి) కలిపి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. తెర మీద గీతలు వచ్చినప్పుడు ఫోనుతో తీసిన వీడియో, మరో యంత్రంలోనూ అదే జరిగిందని చూపే రెండో వీడియో ఉంటే వాటినీ జతచేయాలి. వారంటీ ఫారంలో సమస్య వివరం రాసేచోట "డ్రైవర్ ప్రాబ్లం" అని రాయకుండా ఏ పరిస్థితిలో, ఎంతసేపటికి, ఏ నంబరుతో ఆగిపోతోందో రాయాలి.